విలియము గ్రెగరుగారు

గాలి తుపాకి యనఁగానే సంతలో బుడగలు పగులఁగొట్టు వినోదపు వస్తువు మన బాలురకు జ్ఞప్తికి వచ్చును. కాని గాలి రైఫిలుతో గుఱికొట్టుట 1984వ సంవత్సరము నుండి ఒలింపిక్ క్రీడలలో నొకటియై యున్నది. 2008లో బీజింగునందు అభినవ్ బింద్రాగారు స్వర్ణపతకమును, 2012లో లండనునందు హైదరాబాదువారైన గగన్ నారంగ్‌గారు కాంస్యపతకమును గెలిచినది దీనితోనే. ఇప్పటి మేలైన గాలి రైఫిళ్లలో కొన్నింటి భాగములను టైటానియమను లోహముతో చేయుచున్నారు. ఆ లోహపు జాడను లోకములో మొట్టమొదట కనుఁగొన్నవారు తుపాకులు చేయు పనివారు గారు, సైనికులు గారు. ఇంగ్లండు దేశమున నొక పల్లెటూరి సంఘకాపరి. వారి చరిత్రమును మా విద్యార్థులకు చెప్పఁదలఁచితిమి.

విలియము గ్రెగరుగారు 1761వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన కారన్‌వాల్ మండలమున ట్రివార్థెనిక్ అను చోట జన్మించిరి. ఆ మండలము ఇంగ్లండునకు నైరృతి మూలను సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన నేల. తగరపు గనులకును, రాగి గనులకును పేరుపడినది. అట్టిచోట పుట్టిన బాలునకు ఱాళ్లమీఁదను మట్టిమీఁదను కన్నుపోవుట వింత కాదు. వారు బ్రిస్టలు గ్రామరు పాఠశాలలో చదివి, పిమ్మట కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలోఁ జేరి 1784లో పట్టము పొందిరి. గురుపట్టమును గూడ స్వీకరించి డెవన్ మండలమున డిప్ట్‌ఫర్డ్ విచారణకు కాపరియైరి. 1790లో వారికి వివాహమాయెను. ఒక కుమార్తె కలిగెను.

వారి పేరు నిలిపిన పని 1791లో జరిగినది. అప్పటికి వారికి ముప్పది యేండ్లు నిండలేదు. కారన్‌వాల్‌లోని మనాకన్ విచారణలో నొక లోయ కలదు. అందు పారు వాగులో నల్లని యిసుక దొరకుచుండెను. అది చూపునకు తుపాకిమందును పోలియుండునని వారే వర్ణించిరి. తుపాకిమందుతో పనిలేని తుపాకులకు ఆ యిసుకయే తరువాతి కాలమున లోహము నిచ్చుట మాకు మిక్కిలి వింతగాఁ దోఁచును.

ఆ యిసుకను అయస్కాంత మాకర్షించెను. ఆకర్షించినదానిలో నినుమున్నదని యెవరైనను చెప్పఁగలరు. పలువురు అంతటితో తృప్తిపడి యుందురు. గ్రెగరుగారు తృప్తిపడలేదు. ఇసుకను పొడిచేసి, ఆమ్లములతో కాఁచి, ఇనుమును వేఱుచేసి, మిగిలినదానిని కడిగి, యెండఁబెట్టి తూఁచిరి. నూటికి సుమారు 46 పాళ్లు ఇనుపభస్మమును, మూఁడున్నర పాళ్లు సిలికాయును తేలెను. మఱి 45 పాళ్ల యెఱ్ఱని గోధుమవన్నె భస్మ మొకటి మిగిలెను. అది అప్పటివారెఱిఁగిన లోహభస్మములలో దేనికిని సరిపోలేదు. దానిని గంధకామ్లములోఁ గరగింపఁగా పసుపువన్నె ద్రవము వచ్చెను. ఆ ద్రవములో యశదమునో తగరమునో యినుమునో వేయఁగా ఊదావన్నెకు తిరిగెను. ఈ రంగు మార్పు టైటానియమునకు గుఱుతుగా రసాయన విద్యార్థులు నేఁటికిని ప్రయోగశాలలో చూచుచున్నారు. సగము బరువునకు లెక్క తేలనప్పుడు త్రాసుదే తప్పని త్రోసివేయక, తెలియని పదార్థమొకటి యున్నదని నమ్మఁగలుగుటలోనే వారి గొప్పతన మున్నదని మా యభిప్రాయము.

ఆ ఖనిజమునకు వారు తమ పేరు పెట్టుకొనలేదు. మనాకన్ విచారణ పేరునే పెట్టిరి. అదే సంవత్సరమున జర్మనీలోను ఫ్రాన్సులోను వెలువడు శాస్త్రపత్రికలలో తమ పరిశోధనను ప్రకటించిరి. తమ పని యసంపూర్ణమనియు, తమకంటె నేర్పరులు దానిని ముగింపవలెననియు వినయముతో విన్నవించుకొనిరి. లోక మావినయమును అక్షరాల నమ్మినట్లున్నది; నాలుగేండ్లు ఎవరును పట్టించుకొనలేదు.

1795లో బెర్లినునందు మార్టిన్ హైన్రిఖ్ క్లాప్రోత్‌గారు రూటైలు అను వేఱొక ఖనిజమును శోధించి అందు క్రొత్త మూలకమున్నదని ప్రకటించిరి. వారు యురేనియమును కనుఁగొనిన ప్రసిద్ధ పండితులు. గ్రీకు పురాణములలో భూదేవి పుత్రులైన టైటానుల పేరు మీఁదుగా దానికి టైటానియమని నామకరణము చేసిరి. టైటానులు బలాఢ్యులు గావున లోహపు బలమునుబట్టి యీ పేరు వచ్చినదని చెప్పుదురు గాని అది నిజము కాదు. ఆ లోహమును క్లాప్రోత్‌గారు చూచియే యుండలేదు. 1797లో వారు మనాకన్ ఇసుకను గూడ పరీక్షించి, తమ మూలకమును గ్రెగరుగారి మూలకమును ఒక్కటేయని నిర్ణయించి, కనుఁగొనిన గౌరవము ముందుగా గ్రెగరుగారిదేయని యొప్పుకొనిరి. పేరు గొప్పవారు పెట్టినదే నిలిచినను, కీర్తి చిన్న పల్లె కాపరికి న్యాయముగా దక్కెను.

ఆ కాలముననే ఆస్ట్రియా సైన్యము గాలి రైఫిళ్లను వాడుచుండెను. టిరోలు ప్రాంతపు పనివాఁడు జిరాండోని యనునతఁడు 1780 ప్రాంతమున వానిని నిర్మించెను. తుపాకి మడమయే గాలిబుడ్డి. ఇనుప రేకును మడిచి, రివెట్లు కొట్టి, అదికి దానిని చేసిరి. చేతిపంపుతో సుమారు 1500 మార్లు కొట్టి నింపినచో ఇరువది గుండ్లు వెంటవెంట ప్రేల్చవచ్చును, పొగయుండదు. ఇంత మేలైన యాయుధమును మూఁడు నాలుగు దశాబ్దములలోనే సైన్యము విడిచెను. బుడ్డిని చేయుట కష్టము, అది కాఱుట సులభము, బాగుచేయువారు అరుదు. తేలికయై, గట్టిదియై, తుప్పుపట్టని లోహము వారికి కావలసియుండెను. అది మనాకన్ వాగులో పడియుండెను గాని తీయు దారి యెవరికిని తెలియదు.

దారి దొరకుటకు 119 సంవత్సరములు పట్టెను. టైటానియము వేఁడిలో ఆమ్లజనిని, నత్రజనిని విడువకుండ పట్టుకొని పెళుసైపోవును. 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్‌గారు ఉక్కుపాత్రలో సోడియముతో దానిని శుద్ధముగా వెలికి తీసిరి. పిమ్మట లక్సెంబర్గువారైన విలియం క్రోల్‌గారు ఆర్గాను వాయువులో మగ్నీసియముతో తీయు పద్ధతిని కనిపెట్టిరి. 1948 నుండి వ్యాపార రీతిని అది లభించుచున్నది.

నేఁటి గాలి రైఫిలు బుడ్డిలో వాతావరణపు ఒత్తిడికి రెండు మూఁడు వందల రెట్ల యొత్తిడితో గాలి యుండును. అంతగా బిగించినప్పుడు గాలిలోని తేమ నీరుగా దిగి ఉక్కును లోపల తినివేయును. టైటానియముపై దాని భస్మమే పలుచని పొరయై కాపాడును. ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు తూఁగఁగా టైటానియము 4.5 గ్రాములే తూఁగును. మిశ్రలోహముగాఁ జేసినచో మంచి ఉక్కుతో సమానమైన బలము కలిగియుండును. కావున బుడ్డికిని, గొట్టపు చివర శబ్ద మణఁచు భాగమునకును అది తగినది. అయినను తుపాకి యంతయు దానితోనే చేయవలెననువారితో మేమేకీభవింపము. టైటానియము టైటానియముతో రాచుకొన్నచో పట్టుకొనిపోవును, మరలు బిగిసి రావు, ఉక్కుకంటె రెట్టింపు వంగును, చెక్కునప్పుడు సన్నని రజను మండును, వెల యధికము. గుండు తిరుగుచు పోవు గాడులుగల గొట్టమునకు ఉక్కే మేలు. బరువు తగ్గుటయే ప్రధానమైనచో చౌకయైన అల్యూమినియము కూడ నున్నది.

గ్రెగరుగారు వీనిలో దేనిని చూడలేదు. 1793లో కారన్‌వాల్‌లోని క్రీడ్ విచారణకు వచ్చి, బ్రదికినంతకాలము అక్కడనే యుండిరి. ఖనిజ శోధనము విడువలేదు. అది విచారణ పనికి అడ్డుపడనీయలేదు. చిత్రలేఖనమునందును సంగీతమునందును ప్రవీణులు. టిబెట్టు నుండి వచ్చిన కురువిందములో గూడ టైటానియమును గుర్తించిరి. 1817లో క్షయవ్యాధిచే మరణింపఁగా దగ్గఱనున్న కార్నెలీ దేవాలయమున సమాధి చేసిరి.

వారు పెట్టిన మనాకన్ పేరు గూడ తరువాత మఱుగుపడెను. రష్యాలోని ఇల్మెన్ కొండలలో దొరకిన అదే ఖనిజమునకు పెట్టిన ఇల్మెనైటను పేరే వాడుకకు వచ్చినది. హైదరాబాదులో 1973లో స్థాపింపఁబడిన మిశ్ర ధాతు నిగమ్ వారు టైటానియము మిశ్రలోహములను తయారుచేయుచున్నారు. భీమునిపట్టణపు ఒడ్డున అల వెనుకకు పోయినపుడు ఇసుకపై మిగులు నల్లని చారలను మా విద్యార్థులలో కొందఱు చూచియే యుందురు. ఇతర ఖనిజములతోఁ గలసి అందున్నది ఈ యిల్మెనైటే.