విద్యుత్ ఇంజనీరు అయ్యలసోమయాజుల లలిత

శ్రీమతి అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసున తెలుగు కుటుంబమున జన్మించెను. పదునైదవ యేట వివాహమాయెను. 1937లో, నాలుగు నెలల పసికందు ఒడిలో నుండగా వైధవ్యము ప్రాప్తించెను. చదువే శరణ్యమని ఆమె నిశ్చయించుకొనెను. వైద్యవృత్తి యైనచో అర్ధరాత్రులు బిడ్డను విడిచి పోవలసి వచ్చునని తలచి, ఇంజనీరింగు నెన్నుకొనెను. ఆనాడు గిండీ కళాశాలలో విద్యార్థులందరును పురుషులే. అచ్చట విద్యుచ్ఛాస్త్రము బోధించుచున్న తండ్రి పప్పు సుబ్బారావుగారు పెద్దల నొప్పించి ఆమెను చేర్పించిరి. 1943లో పట్టము వడసి, భారతదేశమున తొలి మహిళా విద్యుత్ ఇంజనీరుగా వాసికెక్కెను. కొంతకాలము సిమ్లాలో కేంద్ర ప్రభుత్వ కొలువు చేసి, పిదప కలకత్తాలో విద్యుత్ ప్రసార మార్గములను, సబ్‌స్టేషనులను రూపొందించెను. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలోను పాలుపంచుకొనెను. ఏ బిడ్డకొరకు ఆ చదువు నెన్నుకొనెనో, ఆ బిడ్డను ఆ వృత్తితోనే పెంచి పెద్దచేసి, 1979లో దివంగతురాలయ్యెను.