ఎడమవైపు లోకం మరుగైన అధ్యక్షుడు
(ఉడ్రో విల్సన్ జీవితం)

మొదటి ప్రపంచ యుద్ధకాలపు అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పేరు మనం బడిలో చదువుకున్నదే. నానాజాతి సమితికి మూలపురుషుడాయన. ఆయన చివరి రోజుల కథ మనబోటి పింఛనుదారులూ, మన ఇంటివారూ తెలుసుకోదగినదని తోచి, క్లుప్తంగా వ్రాస్తున్నాను.

విల్సన్ 1856 డిసెంబరు 28న వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్‌లో ఒక క్రైస్తవ మతబోధకుని ఇంట జన్మించారు. అధ్యాపకుడై, 1902లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ అధ్యక్షులై, తరువాత న్యూజెర్సీ గవర్నరై, 1913లో దేశాధ్యక్ష పదవి చేపట్టారు. జబ్బు సూచనలు చాలా ముందే కనిపించాయి. 1896లో కుడిచెయ్యి స్వాధీనం తప్పితే ఎడమచేత్తో వ్రాయడం అలవరచుకున్నారు. 1906లో ఒక ఉదయం నిద్ర లేచేసరికి ఎడమకంట చూపు పోయింది. తిరిగి వచ్చింది కొంతే.

1919లో వెర్సాయ్ సంధికి ప్రజల మద్దతు కూడగట్టడానికి రైలులో దేశమంతా తిరుగుతూ, సెప్టెంబరు 25న కొలరాడోలోని ప్యూబ్లోలో ప్రసంగించాక కుప్పకూలిపోయారు. అక్టోబరు 2న వైట్‌హౌస్‌లో పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఎడమవైపు ఉన్నవి ఆయన దృష్టికి రావడం మానేశాయి. అందుచేత వచ్చినవారిని మంచానికి కుడివైపునే కూర్చోబెట్టేవారు.

ఇది కంటి జబ్బు కాదు. కన్ను చూసినదాన్ని ఇదీ అని గ్రహించేది మెదడు. మెదడు కుడిభాగం దెబ్బతింటే ఎడమవైపు లోకం మరుగవుతుంది. రోగి కంచంలో సగం అన్నం తిని సగం వదిలేస్తాడు. ఎడమపక్క నిలబడినవారిని పలకరించడు. వింత ఏమంటే, తనకు లోపమున్నదని చాలాసార్లు అతనికే తెలియదు.

విల్సన్ భార్య ఎడిత్, వైద్యుడు గ్రేసన్ ఈ సంగతి దాచి, నరాల అలసట అని మాత్రమే ప్రకటించారు. కాగితాలన్నీ ఆమె చేతిమీదుగానే లోపలికి వెళ్ళేవి. జవాబులు ఆమె దస్తూరితో అంచులలో వ్రాసి వచ్చేవి. కొన్నిటికి జవాబే లేదు. ఏళ్ళ తరబడి ఫైళ్ళు నడిపిన నాకు ఇది చదివి ఒళ్ళు జలదరించింది. కాగితం ఎవరి బల్లమీద ఆగిందో, నిర్ణయం ఎవరిదో తెలియకపోతే ఏమవుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. మంత్రివర్గాన్ని సమావేశపరచిన విదేశాంగమంత్రి లాన్సింగ్ చేత 1920 ఫిబ్రవరిలో రాజీనామా చేయించారు. రాజీకి విల్సన్ ఒప్పుకోలేదు. సెనేట్ సంధిని 1919 నవంబరులోనూ, 1920 మార్చిలోనూ తిరస్కరించింది. తాను కలగన్న సమితిలో తన దేశమే చేరలేదు. జబ్బువల్లనే ఆ పట్టుదల ముదిరిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ఆయన 1924 ఫిబ్రవరి 3న వాషింగ్టన్‌లో కన్నుమూశారు. అధ్యక్షుడు అశక్తుడైతే బాధ్యత ఎవరిదో తేల్చే 25వ రాజ్యాంగ సవరణ 1967లో గాని రాలేదు.

మన ఇళ్ళలో పక్షవాతం వచ్చిన పెద్దలు ఒకవైపు వస్తువులు గుర్తించకపోయినా, గుమ్మానికి తగులుకుంటున్నా, అది చాదస్తమని కసురుకోవద్దు. కళ్ళజోడు మార్చి ఊరుకోవద్దు. నరాల వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పండి. హఠాత్తుగా చూపు తగ్గినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా ఒక్క గంట కూడా ఆగక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. రోగికి తెలియనిది ఇంటివారే గమనించి చెప్పాలి. దాచడంవల్ల మేలు కలగదని విల్సన్ జీవితం చెబుతున్నది.