మరణశయ్య చెంత మాతృహృదయం

జూలై 14న తల్లి శ్రీసభ పునీత కమిల్లస్ దె లెల్లిస్ వారి పండుగను కొనియాడుతుంది. రోగులకు, ఆసుపత్రులకు, నర్సులకు పాలక పునీతుడైన ఈయన యౌవనంలో పేరుమోసిన జూదరి.

కమిల్లస్ 1550 మే 25న ఇటలీలోని బుక్కియానికోలో జన్మించాడు. తండ్రి వలెనే సైనికుడయ్యాడు. కాలికి పుండు పడింది; అది జీవితాంతం మానలేదు. చికిత్స కోసం రోమునగరంలోని సాన్ జాకొమో ఆసుపత్రిలో చేరి, అక్కడే పరిచారకుడిగా కుదిరాడు. జూదం, కలహాల మూలంగా వారు ఆయనను పంపివేశారు. 1574లో నేపుల్స్‌లో ఉన్నదంతా జూదంలో పోగొట్టుకుని, కపూచిన్ సభవారి కట్టడంలో కూలిపనికి కుదిరాడు. అక్కడే 1575 ఫిబ్రవరి 2న దేవుని కృప ఆయన హృదయాన్ని తాకింది. మఠంలో చేరాలని ఎంతో ఆశపడ్డాడు గాని, ఆ పుండు అడ్డువచ్చింది.

తనను పంపివేసిన ఆసుపత్రికే కమిల్లస్ తిరిగివచ్చి సేవచేశాడు. కాలక్రమంలో దాని నిర్వహణ బాధ్యత ఆయనకే అప్పగించారు. జీతం కోసమే పనిచేసేవారి నిర్లక్ష్యాన్ని, పలకరించే దిక్కులేక ప్రాణాలు విడిచేవారి వేదనను చూచాడు. దైవప్రేమతో రోగులను సేవించే బృందం కావాలని 1582లో తలంచాడు. పునీత ఫిలిప్ నేరి ఆయన ఆత్మగురువు. ముప్పై దాటిన వయసులో బాలుర సరసన కూర్చుని లాటిన్ నేర్చి, 1584లో గురువయ్యాడు. 1586లో ఐదవ సిక్స్తుస్ జగద్గురువులు ఆయన సంఘాన్ని ఆమోదించి, అంగీపై ఎర్రని సిలువ ధరించే అనుమతి ఇచ్చారు. 1591లో అది మఠసభ అయింది. ప్రాణాపాయం ఉన్నా, అంటువ్యాధి ప్రబలినా రోగులను విడువబోమన్నది వారి నాలుగవ మాటపట్టు.

జాలి ఉంటే చాలదు, సేవ నేర్చుకోవాలి అన్నది కమిల్లస్ దృఢవిశ్వాసం. అందుకే తన అనుచరులకు నియమాలు వ్రాశాడు. పడక ఎలా సర్దాలో, రోగికి అన్నం ఎలా తినిపించాలో వారికి నేర్పాడు. జబ్బుపడిన ఒక్కగానొక్క బిడ్డను తల్లి చూచుకొన్నట్లు ప్రతి రోగినీ చూడాలన్నాడు. చనిపోయేవారి చెంత ప్రార్థిస్తూ ఉండటం ఆ సభకు ముఖ్యమైన పని. ఊపిరి ఆగినట్లు తోచినా వెంటనే ముఖం కప్పవద్దని, ప్రార్థన ఆపవద్దని ఆదేశించాడు.

పుండుతో పాటు మూత్రపిండాల నొప్పి కూడా ఆయనను బాధించింది. అయినా నడవలేనప్పుడు సైతం ఒక పడక నుండి మరో పడకకు ప్రాకుతూ వెళ్ళి రోగులను పరామర్శించేవాడు. 1614 జూలై 14న రోములో కన్నుమూశాడు. 1746లో పునీతుడిగా ప్రకటింపబడ్డాడు.

మన ఇండ్లలోనూ మంచం పట్టిన పెద్దలున్నారు. పడక తడిపినప్పుడు విసుక్కుంటే వారు సిగ్గుతో కుంగిపోతారు; కొందరు ఆ భయంతో మంచినీళ్ళు త్రాగటమే మానేస్తారు. మాట్లాడకుండా పక్క మార్చి, ఒళ్ళు తుడిచి, పొడిబట్ట కట్టండి. అది కూడా ప్రార్థనే. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చావుకబురు కాదు, ప్రభువు ఇచ్చే బలం. కనుక స్పృహ ఉండగానే గురువును పిలవండి. చివరి గడియలో వారి చేయి పట్టుకుని కూర్చోండి. ఆ చేయి క్రీస్తు ప్రభువుదేనని కమిల్లస్ నమ్మాడు.