పిల్లల మాటే మొదటి పాఠం: గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం



వార్షికోత్సవ సంచికకు చిన్నపిల్లలకు కంప్యూటర్లో పాఠాలు చెప్పడం గురించి రాయమన్నారు. నేను గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి రాస్తున్నాను. కంప్యూటర్ పేరు కూడా వినకుండా 1940లోనే కన్నుమూసిన మనిషి ఇక్కడికెందుకు వచ్చాడా అనుకోకండి.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఒకరోజు రెండో తరగతి పిల్లలకు లెక్కల ఆట ఉన్న వెబ్‌సైట్ తెరిచి ఇచ్చాను. పండ్ల బొమ్మల్ని వేలితో లాగి బుట్టలో వేయాలి. సరిగ్గా వేస్తే చప్పట్లు మోగుతాయి, తప్పయితే మళ్లీ వేయమంటుంది. మా తరగతిలో ఒక పాప ఉంది. వాళ్లమ్మ దుగ్గిరాలలో పసుపు పనికి వెళుతుంది. కొమ్ముల్ని పుంజీల లెక్కన చకచకా లెక్కపెట్టే పిల్ల, స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. ఎందుకంటే ఆ గొంతు చెప్పేదంతా ఇంగ్లీషు. పక్కనున్న పిల్లవాడు కనిపించినదల్లా నొక్కి చప్పట్లు కొట్టించుకుంటున్నాడు. వాడికీ లెక్క రాలేదు. ముందుగా నేను ఒకసారి ఆడి చూసుకోకపోవడమే తప్పు. ఆ రాత్రి రామమూర్తి గారి జీవితం మళ్లీ తీసి చదివాను.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. 1875లో తండ్రి వీర్రాజు గారు జ్వరంతో పోయారు. విశాఖపట్నంలో మేనమామ గారింట ఉండి మెట్రిక్ పూర్తి చేశారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు. పై చదువులన్నీ ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా కట్టినవే. మనలో కుటుంబ భారం మీదపడి కాలేజీ మానేసినవాళ్లు ఈ సంగతి గమనించాలి.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల భాష తెలుగు కాదు, ఒరియా కాదు, ముండా కుటుంబానికి చెందినది. ఆ పిల్లలకు చదువు చెప్పాలని పంతులు గారికి అనిపించింది. ఆ రోజుల్లో ఇంకొకరైతే తెలుగు వాచకం చేతికిచ్చి బట్టీ పట్టమనేవారు. ఆయన ముందు తానే విద్యార్థి అయ్యారు. రెండు భాషలూ వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి ఆ భాష నేర్చుకున్నారు. మన్యంలో తిరిగి, చలిజ్వరానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు తెచ్చుకున్నారు. పలుకులు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోవడం ఎంత కష్టమో ఆలోచించండి. అయినా పని ఆపలేదు. సవర వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు, నిఘంటువులు తయారుచేశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, అయ్యవార్లకు జీతాలిచ్చారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి నడపమన్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ పాఠాల్లో ఉన్నదే. 1907 ప్రాంతంలో యేట్స్ అనే విద్యాధికారి, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు గారు, ఈయన కలిసి ఆలోచించారు. వస్తువు చూపించి, ప్రశ్న వేసి, పిల్లల చేతే మాట్లాడించే పద్ధతిని యేట్స్ ప్రోత్సహించేవాడు. పిల్లలు ఇంట్లో ఒక తెలుగు మాట్లాడుతుంటే బడి పుస్తకం ఇంకో తెలుగు మాట్లాడడమేమిటన్నది రామమూర్తి గారి ప్రశ్న. పండితులు మండిపడ్డారు. ఆయన వాళ్ల గ్రంథాల్లోంచే ఆధారాలు తీసి చూపించారు. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి ఊరూరా సభల్లో వాదించారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు, అంతకాలం బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న పోయారు.

ఆ వాడుక తెలుగు ఫలం మన పక్క ఊరికీ దక్కింది. 1947లో నాగిరెడ్డి గారితో కలిసి ‘చందమామ’ మొదలుపెట్టిన చక్రపాణి గారిది తెనాలి. దాన్ని ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడికి కూడా కథ అర్థమయ్యేలా రాయించారు.

కొండల్లో మాత్రం ఆలస్యమైంది. సవర, కోయ వంటి భాషల్లో ప్రాథమిక పాఠాలను మన ప్రభుత్వం 2004లో చేపట్టింది. పంతులు గారు పోయిన అరవై నాలుగేళ్లకు!

ఇప్పుడు స్క్రీన్ దగ్గరా అదే ప్రశ్న. బొమ్మ కదిలినంత మాత్రాన, చప్పట్లు మోగినంత మాత్రాన పాఠం కాదు. తెలుగులో ఉన్నవీ వెతికితే దొరుకుతాయి. 2015లో మొదలైన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదవొచ్చు. 2017లో వచ్చిన దీక్షలో మన పాఠ్యపుస్తకాలకు సంబంధించిన పాఠాలున్నాయి. ఇంగ్లీషు వద్దని నేననను. అది రాక మేము పడ్డ పాట్లు చాలు. కానీ ఏడేళ్ల పిల్లకు లెక్కా కొత్తదై, భాషా కొత్తదైతే రెండూ పోతాయి.

మరుసటి వారం ముందు చింతపిక్కలతో అదే ఆట నేల మీద ఆడించాను. ఆట ఎలా ఆడాలో తెలుగులో చెప్పి, తర్వాత కంప్యూటర్ తెరిచాను. ఇద్దరికి ఒకటి చొప్పున కూర్చోబెట్టి, ఏది ఎందుకు లాగారో ఒకరికొకరు చెప్పుకోమన్నాను. మన హాస్టల్లో తొమ్మిదో తరగతివాళ్లు మూడో తరగతివాళ్ల పక్కన ఆదివారం అరగంట కూర్చుంటే ఇదే పని చేయొచ్చు. వార్డెన్ గారిని అడిగి చూడండి.

ఆ పాప ఇప్పుడు పక్కవాడికి తనే నేర్పుతోంది. స్ట్రాబెర్రీని మాత్రం ఇంకా రేగుపండనే అంటోంది.