వారం క్లాసులో, వారం ఫ్యాక్టరీలో

బీటెక్ మూడో ఏడాదికి వచ్చేసరికి ఎవరిని కదిపినా ఇంటర్న్‌షిప్ గురించే మాట్లాడతారు. కెనడా, అమెరికా యూనివర్సిటీల కోర్సులు వెతికేవాళ్లకి ఇంకో మాట కూడా తగులుతుంది: కో-ఆప్. కొన్ని నెలలు చదువు, కొన్ని నెలలు జీతంతో ఉద్యోగం, మళ్లీ చదువు. ఈ పద్ధతిని ఇంజినీరింగ్ కాలేజీలో మొదటిసారి అమలు చేసి చూపించిన మనిషి హెర్మన్ ష్నైడర్. నూట ఇరవై ఏళ్ల కిందటి సంగతి ఇది.

ష్నైడర్ 1872లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, సమిట్ హిల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. చుట్టూ బొగ్గు గనులే. చిన్నప్పుడే గని పనికి వెళ్లారు. తర్వాత లీహై యూనివర్సిటీలో చేరి, చదువుకుంటూనే ఒక ఆర్కిటెక్ట్ దగ్గర పని చేసేవారు. 1894లో డిగ్రీ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఫీల్డ్‌లోనే గడిచాయి. పడమటి రాష్ట్రాల్లో ఒక రైల్వే కంపెనీకి వంతెనలు కట్టారు. 1899లో మళ్లీ లీహైకే వచ్చారు, ఈసారి పాఠాలు చెప్పడానికి.

అక్కడ ఆయనకి ఒకటి అర్థమైంది. కుర్రాళ్లకి లెక్కలు వస్తున్నాయి, పని రావట్లేదు. కాలేజీ వర్క్‌షాప్‌లో మెషిన్లు కొంటే నాలుగేళ్లకే పాతబడిపోతున్నాయి. (నేను చదివిన కాలేజీలో ఒక్క లేత్ చుట్టూ నలభై మందిమి నిలబడి చూసేవాళ్లం. కాబట్టి ఈ బాధ నాకు బాగానే తెలుసు.) మరోవైపు, క్యాంపస్‌కి కూతవేటు దూరంలో బెత్లెహేమ్ స్టీల్ కంపెనీ కొత్త కొత్త యంత్రాలతో రాత్రింబవళ్లు నడుస్తోంది. ఒక రాత్రి ష్నైడర్ నడుచుకుంటూ వెళ్తుంటే ఆ కొలిమి మోత వినిపించిందనీ, అప్పుడే ఈ ఆలోచన తట్టిందనీ చెబుతారు. కథ బాగుంది గానీ, ఆయన చేసిన ఇంకో పనే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. పాస్ అయి బయటికెళ్లి బాగా రాణించిన ఇంజినీర్ల గురించి ఆయన ఆరా తీశారు. వాళ్లలో చాలామంది చదువుకునే రోజుల్లో ఎక్కడో ఒకచోట పని చేసినవాళ్లే.

అయితే ల్యాబ్‌ని కాలేజీలో కట్టడం ఎందుకు, ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీనే ల్యాబ్‌గా వాడుకోవచ్చు కదా! ఇదీ ఆయన ప్రతిపాదన. లీహై ఒప్పుకోలేదు. మిగతాచోట్లా తలుపులు తెరుచుకోలేదు.

1903లో సిన్సినాటి యూనివర్సిటీకి మారారు. ఈ ఊరి గురించి కాస్త చెప్పాలి. ఒహాయో నది ఒడ్డున ఉన్న సిన్సినాటి అప్పట్లో మెషిన్ టూల్స్‌కి పెట్టింది పేరు. లేత్‌లు, మిల్లింగ్ మెషిన్లు అక్కడి నుంచి దేశమంతా వెళ్లేవి. యూనివర్సిటీ కూడా ఆ నగరానిదే, ఊరి పన్నుల డబ్బుతో నడిచేది. ఊళ్లో కంపెనీలకేమో చదువూ పనీ రెండూ తెలిసినవాళ్లు దొరకడం లేదు. ష్నైడర్ ఒక్కో యజమాని దగ్గరికీ వెళ్లి మాట్లాడారు. సిన్సినాటి మిల్లింగ్ మెషిన్ కంపెనీ అధిపతి ఫ్రెడరిక్ గైయర్ లాంటివాళ్లు ముందుకొచ్చారు. చివరికి యూనివర్సిటీ ట్రస్టీలు ఒక్క ఏడాది ట్రయల్‌కి సరేనన్నారు. అదీ, ఫెయిలైతే మా బాధ్యత కాదని ముందే రాసుకుని మరీ!

1906లో 27 మందితో మొదలైంది. అదే ఏడాది ష్నైడర్ ఇంజినీరింగ్ కాలేజీ డీన్ అయ్యారు.

యజమానుల భయం న్యాయమైనదే. వారం వారం మనిషి మాయమైపోతే మెషిన్ ఎవరు నడుపుతారు? ష్నైడర్ విద్యార్థుల్ని జంటలుగా విడగొట్టారు. ఒకే సీటుకి ఇద్దరు. ఈ వారం ఒకడు ఫ్యాక్టరీలో ఉంటే రెండోవాడు క్లాసులో ఉంటాడు. సోమవారం మార్పిడి. శనివారం క్లాసులో ఉన్న కుర్రాడు షాపుకి వెళ్లి, తన జతగాడు ఏ పని ఎంతవరకు తెచ్చాడో చూసుకోవాలి. సోమవారం పొద్దున మెషిన్ ఆగకూడదు. ఇవాళ సాఫ్ట్‌వేర్ టీముల్లో షిఫ్ట్ హ్యాండోవర్ అంటున్నామే, అచ్చం అదే.

జీతమూ ఉండేది. గంటకి 10 సెంట్లతో మొదలై, ప్రతి ఆరు నెలలకీ ఒక సెంటు పెరిగేది. పెద్ద మొత్తమేం కాదు గానీ, ఫీజు కట్టలేని ఇంటి పిల్లాడికి అది చాలా తేడా.

మరి కంపెనీ వీళ్లని చవక కూలీలుగా వాడుకుని ఆరేళ్లూ ఒకే మూల నిలబెడితే? నాకు అన్నిటికంటే నచ్చింది ఈ విషయంలో ఆయన తీసుకున్న జాగ్రత్త. ఏ విభాగంలో ఎంతకాలం పని నేర్పాలో కంపెనీతో ముందే ఒప్పందం రాయించారు. ఉదాహరణకి ఒక ఎలక్ట్రికల్ కంపెనీలో మొదటి ఏడాది పోతపోసే షాపులో, తర్వాత ఏడాదిన్నర మెషిన్ షాపులో, ఆ తర్వాత వైండింగ్, అసెంబ్లీ, టెస్టింగ్‌లలో, చివరికి డ్రాయింగ్ ఆఫీసు, సేల్స్‌లో. కాలేజీకీ కంపెనీకీ మధ్య తిరగడానికి ఒక అధ్యాపకుడిని పెట్టారు. ఆయన షాపులో కుర్రాళ్లు చేస్తున్న పని చూసొచ్చి, దాన్నే క్లాసులో పాఠానికి ముడిపెట్టాలి. కో-ఆర్డినేటర్ అనే ఉద్యోగం అలా పుట్టింది. చేరబోయేవాళ్లు ముందుగా వేసవిలో షాపులో పని చేసి చూడాలి. వేడికీ మసికీ తట్టుకోలేనివాళ్లు అక్కడే మానేసేవాళ్లు.

దీనికి చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. నాలుగేళ్ల కోర్సు ఆరేళ్లయింది. తర్వాత ఐదుకి తగ్గించారు. ప్రతి వారం మారడం చదువుకి ఇబ్బందేనని తేలాక, విడతల్ని కూడా పెద్దవి చేశారు.

ట్రయల్ ఏడాది దాటేసింది. మరుసటి ఏడాదికే దరఖాస్తులు సీట్లకి మించి వచ్చాయి. మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్ ఊరి యజమానులు ఇదే పద్ధతిని 1908లో తమ హైస్కూల్‌కి తెచ్చుకున్నారు. బోస్టన్‌లో నేటి నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ 1909లో అందుకుంది. మనవాళ్లు ఎక్కువగా అప్లై చేసే కెనడాలోని వాటర్‌లూ 1957లో ఈ పద్ధతితోనే మొదలైంది. మన దేశంలో బిట్స్ పిలానీ ప్రాక్టీస్ స్కూల్ కూడా ఇలాంటి ఆలోచనే.

ష్నైడర్ మాత్రం దీన్ని ఇంజినీర్లకే పరిమితం చేయలేదు. మామూలు కార్మికుల చదువు గురించి 1915లో ఒక పుస్తకం రాశారు. పని మనిషిని ఎదగనివ్వాలా, మొద్దుబారుస్తుందా అన్నది ఆయన్ని చివరిదాకా వదలని ప్రశ్న. రోజంతా ఒకే కదలిక చేయించే ఆటోమేటిక్ మెషిన్లు మనిషిలోని చురుకుని చంపేస్తాయని ఆయన భావించారు. డేటా ఎంట్రీ ఉద్యోగంలో ఏడాది కూర్చున్నవాళ్లకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

1920ల చివర్లో సిన్సినాటి యూనివర్సిటీ అధ్యక్షుడయ్యారు. 1932లో ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. అప్పటికి అమెరికాలో మహామాంద్యం. ఫ్యాక్టరీలు మూతపడుతుంటే విద్యార్థులకి సీట్లెక్కడివి? కంపెనీల మీద ఆధారపడిన చదువుకి ఉన్న బలహీనత అదే. అయినా పద్ధతి ఆగలేదు. ష్నైడర్ 1939లో కన్నుమూశారు. సిన్సినాటిలో కో-ఆప్ ఇవాళ్టికీ నడుస్తూనే ఉంది.