'అ' దగ్గరే ఆగిపోయిన కొమర్రాజు మహా గ్రంథం

తెలుగులో ఎన్‌సైక్లోపీడియాకు బాట వేసిందెవరో తెలుసా..? కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. పల్నాడుకు కృష్ణానది అవతల, మునేరు ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో 1877లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో అక్క భండారు అచ్చమాంబ దగ్గర పెరిగారు. పై చదువులు నాగ్‌పూర్ వైపే. మరాఠీలో దిట్ట అయినా మనసు మాత్రం తెలుగు మీదే.

ఎంఏ చేసి మునగాల సంస్థానంలో దివాన్ అయ్యారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, సైన్స్ పుస్తకాలను తెలుగులో తెచ్చారు. తర్వాత మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. మూడు సంపుటాలు తెచ్చారు.. అన్నీ 'అ' అక్షరం విషయాలే! మిగతా అక్షరాలకు వెళ్లేలోపే 1923లో, 46 ఏళ్లకే కన్నుమూశారు. ఆ పనిని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మళ్లీ భుజానికెత్తుకున్నారు.