మత్స్య సంపద అక్షయం కాదని చాటిన డాక్టర్ ఫ్రాన్సిస్ డే

నదులలో, చెరువులలో చేపలు ఎంత పట్టినా తరగవన్న నమ్మకం బలంగా ఉన్న కాలంలో, ఆ నమ్మకాన్ని విచారణకు పెట్టి, వాస్తవాలను ప్రభుత్వం ముందుంచిన శాస్త్రవేత్త డాక్టర్ ఫ్రాన్సిస్ డే. నేడు మత్స్య నిల్వల అంచనాగా పిలుస్తున్న శాస్త్రానికి మన దేశంలో తొలి అడుగులు ఆయన విచారణలోనే కనిపిస్తాయి.

డే 1829లో ఇంగ్లాండులోని ససెక్స్ ప్రాంతంలో జన్మించారు. వైద్యవిద్య అభ్యసించి, 1852లో మద్రాసు సైనిక వైద్య సేవలో చేరారు. వృత్తి వైద్యమే అయినా ఆయన మనసు చేపల అధ్యయనంపై లగ్నమైంది. 1865లో మలబారు చేపలపై గ్రంథాన్ని వెలువరించారు.

గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. డెల్టా భూములు సస్యశ్యామలమయ్యాయి. అయితే గుడ్లు పెట్టేందుకు సముద్రం నుంచి వరదనీటికి ఎదురీదే పులస వంటి చేపలకు ఆనకట్టలు అడ్డుగోడలయ్యాయి. ఆనకట్టల వల్ల మత్స్య సంపదకు కలుగుతున్న నష్టాన్ని 1867లో ప్రస్తావించినది గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ కావడం విశేషం. దీనిపై విచారణ జరిపే బాధ్యత డేకు లభించింది. 1871లో ఆయన భారతదేశ మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు.

చేపల సంఖ్యను నేరుగా లెక్కించే సాధనాలు లేని ఆ రోజుల్లో, డే క్షేత్రస్థాయి అధికారుల నుంచి సమాచారం కోరారు. సంతలకు వచ్చే చేప గిరాకీకి సరిపోతున్నదా, మునుపటి కంటే పెరిగిందా తగ్గిందా, వల కన్ను ఎంత చిన్నది, పంటపొలాల్లో చేపపిల్లలను పడుతున్నారా వంటి ప్రశ్నలకు జిల్లాల నుంచి వచ్చిన జవాబులను క్రోడీకరించి 1873లో నివేదిక సమర్పించారు. గుడ్లతో ఉన్న తల్లిచేపలను, ఎదగని పిల్లలను విచక్షణ లేకుండా పట్టడం, వాగులకు అడ్డంగా మావులు, బోనులు బిగించడం, ఆనకట్టలలో చేపలకు దారి లేకపోవడం క్షీణతకు కారణాలని ఆయన తేల్చారు. వల కన్నుకు కనీస కొలత నిర్ణయించాలని, ఆనకట్టలలో చేపలకు మార్గాలు ఏర్పరచాలని సూచించారు.

ఆంక్షల వల్ల పేద మత్స్యకారుల జీవనోపాధి దెబ్బతింటుందన్న అభ్యంతరాలు రావడంతో ఆ సూచనలు వెంటనే చట్టరూపం దాల్చలేదు. 1875-78 మధ్య భారతదేశ చేపలపై బృహద్గ్రంథాన్ని వెలువరించి, స్వదేశంలో స్థిరపడిన డే 1889 జూలై 10న చెల్టన్‌హామ్‌లో కన్నుమూశారు. ఎనిమిదేళ్ల తరువాత 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడాన్ని అది నిషేధించింది. స్థిరమైన మావులను, వలల కొలతలను నియంత్రించే అధికారాన్ని స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది.

కొత్తగా చేరే పిల్లలు, వాటి ఎదుగుదల ఒకవైపు, సహజ మరణాలు, వేట మరొకవైపు ఉంచి నిల్వలను తూచే పద్ధతి ఇరవయ్యవ శతాబ్దంలో రూపుదిద్దుకున్నది. డే వద్ద ఆ గణితం లేదు. కానీ ఆయన అడిగిన ప్రశ్నలు అవే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు అమలయ్యే వేట విరామం వెనుక ఉన్నదీ ఆ ఆలోచనే. వాననీటిపై ఆధారపడిన బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చెరువులకూ ఇది వర్తిస్తుంది. వదిలిన చేపపిల్లలు ఎదగకముందే చిన్నకన్ను వలల పాలైతే నష్టపోయేది మత్స్యకారుడే. చెరువులో ఎంత ఉన్నదో తెలుసుకున్న తరువాతే ఎంత పట్టవచ్చునో నిర్ణయించాలన్నది డే జీవితం అందించే పాఠం.